పన్నెండు ముద్రలూ ఒక్క పాఠకురాలూ

నుమాజిరి కిసాబురోకి డెబ్భై ఒకటో ఏడు వచ్చేసరికి ఆయన రాసింది చదవగలిగిన మనిషి ఈ లోకంలో ఒక్కడే ఉన్నాడు. ఆ మనిషి ఆయనే.

దస్తూరీ బాగోక కాదు. జపానులోని సకు ఊళ్ళో వాళ్ళ కొండవాలు వీధి మొత్తం వెతికినా అంత ముచ్చటైన దస్తూరీ ఇంకొకరికి లేదు. చిక్కల్లా అక్షరాలతోనే. వందేళ్ళ కిందట డెన్మార్కులో ఒక పళ్ళ డాక్టరు ఉండేవాడు. మనుషులంతా ఒకే భాష మాట్లాడితే యుద్ధాలు ఆగిపోతాయని నమ్మి, ఒమీలా అని ఒక భాషను కూర్చుని తయారు చేశాడు. పనిలో పనిగా దానికి ఇరవై తొమ్మిది అక్షరాలు కూడా గీశాడు. పొద్దస్తమానం జనం నోళ్ళలోకి చూసే వృత్తి కాబట్టి, ఏ శబ్దానికి నాలుక ఎక్కడ ఆనుతుందో, పెదవులు ఎలా మూసుకుంటాయో చూపించే బొమ్మలే ఆయన అక్షరాలు. నోరున్న ప్రతివాడూ వీటిని చదవగలడని ముందుమాటలో రాసుకున్నాడు. యుద్ధాలు మాత్రం ఆయన మాట వినలేదు.

కిసాబురో చేతికి ఆ పుస్తకం ఇరవై మూడో ఏట పాత పుస్తకాల అంగట్లో చిక్కింది. అప్పుడే నీళ్ళ మీటర్లు చూసే ఉద్యోగంలో చేరాడు. బడి అంటే ఆయనకు గుర్తున్నది ఒకటే: జపాను రాతలో వాడే చైనా అక్షరాల గీతలు తప్పు రాసినందుకు నీళ్ళ బాల్చీ పట్టుకుని తరగతి బయట నిలబడటం. ఒక్కో అక్షరానికి పదిహేనేసి గీతలు, మళ్ళీ దాన్ని మూడు రకాలుగా పలకడం. ఇక్కడేమో ఇరవై తొమ్మిది బొమ్మలతో వ్యవహారం ముగిసిపోతోంది. భాష మాత్రం ఆయన ఒంటికి పట్టలేదు. మాట్లాడాలంటే అవతల ఒక మనిషి ఉండాలి గదా. అందుకని భాషను వదిలేసి అక్షరాలను ఉంచుకున్నాడు. పండు పారేసి తొక్క దాచుకున్నారని భార్య సదాయే ఇప్పటికీ దెప్పుతుంది.

ఆ అక్షరాలను జపాను మాటకు సరిపెట్టడానికి ముప్పై ఏళ్ళు పట్టింది. పళ్ళ డాక్టరుకు ర వేరు, ల వేరు. జపాను నాలుకకు రెండూ ఒకటే. దాంతో ల మిగిలిపోయింది. నిక్షేపంలాంటి అక్షరాన్ని ఖాళీగా కూర్చోబెట్టడం ఇష్టం లేక దానికి దీర్ఘం గుర్తు పని అప్పగించాడు. మాట మధ్యలో ఊపిరి బిగబట్టి వదిలే చోట ఏం గీయాలన్నదానికి రెండు శీతాకాలాలు ఖర్చయ్యాయి. చివరికి బిగించిన పళ్ళ బొమ్మ పెట్టాడు. వంతెనకూ, అన్నం తినే పుల్లలకూ శబ్దం ఒకటే. చైనా అక్షరాల్లో రాస్తే తేడా కనిపిస్తుంది, వీటిలో కనిపించదు. పుల్లల మీద నడిచి ఏరు దాటేవాడు ఎవడూ ఉండడని తీర్పు చెప్పుకున్నాడు. వాదీ ఆయనే, ప్రతివాదీ ఆయనే, జడ్జీ ఆయనే. అయినా కొన్ని వ్యాజ్యాలు ఓడిపోయాడు.

ఉద్యోగంలో ఆ అక్షరాలు అక్కరకొచ్చింది ఒక్కసారే. మీటరు పుస్తకంలో ఒక ఇంటి పేరు పక్కన "కుక్క ఉంది, కరుస్తుంది" అని తన అక్షరాల్లో రాసుకున్నాడు. మర్నాడు ఆయనకు జ్వరం వచ్చి బదులు వెళ్ళినతను ఆ గీతలు చూసి ముచ్చటపడి గేటు తీశాడు. పిక్క మీద ఏడు కుట్లు పడ్డాయి. పై అధికారి పిలిచి నిలదీస్తే, "రాశాను గదండీ, ఇదిగో చూడండి" అన్నాడు కిసాబురో. ఆ అన్నది కూడా మనస్ఫూర్తిగానే అన్నాడు.

తోక్యోలో ఒమీలా భాషాభిమానుల సంఘం ఒకటి ఉండేది, పుస్తకం దొరికిన కొత్తలోనే కిసాబురో అందులో పేరు రాయించుకున్నాడు. తన లెక్క ప్రకారం ఈ సరిపెట్టడం వాళ్ళకు పండగలాంటి కబురు. తమ ఇంటి ఊరగాయల పేర్లు ఉదాహరణగా ఇచ్చి, అన్నీ వివరంగా రాసి పంపాడు. వాళ్ళు ఒమీలాలో జవాబిచ్చారు. నిఘంటువు దగ్గర పెట్టుకుని రెండు రోజులు కుస్తీ పడితే తేలిన సారాంశం ఏమిటంటే, మానవజాతిని ఏకం చేయడానికి పుట్టిన అక్షరాలతో ఊరగాయల పేర్లు రాసి అవమానించినందుకు ఆయన్ను సంఘం నుంచి తీసేశారు. కిసాబురో తన అక్షరాల్లో, జపాను భాషలో, నాలుగు పేజీల ఘాటైన ఉత్తరం వేశాడు. వాళ్ళలో ఒక్కరికీ అది అర్థం కాలేదు. మానవజాతి ఏకం కావడానికి ఇంకా కొంత సమయం పట్టేటట్టుంది.

ఇక మిగిలింది వీధి.

ఆ వీధిలో పన్నెండు ఇళ్ళు. చెత్త ఏ రోజు బయట పెట్టాలి, వీధి సంఘం సమావేశం ఎప్పుడు, ఎవరింట్లో ఎవరు పోయారు, ఇలాంటివన్నీ ఒక కాగితం మీద రాసి, చెక్క పలకకు తగిలించి ఇంటింటికీ తిప్పుతారు. ఎవరింటికి వస్తే వాళ్ళు తమ గడిలో ఇంటిపేరు ముద్ర కొట్టి పక్కింటి గుమ్మంలో పెట్టేస్తారు. దస్తూరీ మంచిది కాబట్టి ఆ కాగితం రాసే పని కిసాబురో మెడకు చుట్టుకుంది. ఆయన సంతోషంగానే చుట్టించుకున్నాడు. కాగితం అడుగున అంచులాగా, రాసిన విషయాన్నే మళ్ళీ తన అక్షరాల్లో ఒక వరుస రాసేవాడు. ఎవరో ఒకరు పైదీ కిందదీ పోల్చి చూసుకుని, "ఇవేమిటండీ, అక్షరాల్లా ఉన్నాయే" అని అడగకపోతారా అని ఆశ.

రెండేళ్ళు గడిచాయి. అడగలేదు. పైగా మెచ్చుకున్నారు. "మీ అంచు డిజైను ఎంత బాగుంటుందండీ నుమాజిరి గారూ" అని వీధి సంఘం పెద్ద ఒయామదా ప్రతి కొత్త సంవత్సరానికీ తప్పకుండా అనేవాడు. తిట్టినా అంత బాధ వేసేది కాదు.

చెవిటివాడి ముందు ఎంతకాలమని శంఖం ఊదుతాడు మనిషి. మూడో ఏడు ఒకరోజు, ఒయామదా ఉపన్యాసం విని వచ్చిన కోపంలో, అంచు వరుసలో మనసులో మాట రాసేశాడు. పలక పన్నెండు ఇళ్ళూ తిరిగి పన్నెండు ముద్రలతో క్షేమంగా తిరిగొచ్చింది. ఆరోజు రాత్రి ఆయనకు హాయిగా నిద్ర పట్టింది. అప్పటినుంచి అదొక అలవాటైపోయింది. ఎదురుపడితే నడుము వంచి మూడుసార్లు నమస్కారం పెట్టే మనుషుల గురించి, నడుము వంచకుండా చెప్పదలిచినవన్నీ అక్కడ చెప్పుకున్నాడు. పదిహేనేళ్ళు చెప్పుకున్నాడు. వీధి మొత్తానికి అంత మర్యాదస్థుడు లేడని పేరు వచ్చింది.

ఈ ఏడాది వసంతంలో ఆయన కుడిచెయ్యి వణకడం మొదలుపెట్టింది. మందులతో కొంత తగ్గుతుంది, రాత మాత్రం ఏడాదో రెండేళ్ళో అన్నాడు డాక్టరు. ఆ మాట విన్నాక కిసాబురోకి బెంగ పట్టుకుంది. తను పోవడం గురించి కాదు. తనతో పాటు ఆ అక్షరాలు కూడా పోతాయి. ఒక్కరు, ఒకే ఒక్కరు వాటిని చదివితే చాలు, ముప్పై ఏళ్ళూ గాలికి పోలేదని అనుకోవచ్చు. సదాయేని అడిగాడు.

"నాకొద్దు బాబూ. నలభై ఏళ్ళుగా మీరు నోటితో చెప్పేవే వింటున్నాను, చాలవూ" అంది ఆవిడ.

దాంతో వీధి పలక మీదే భారం వేశాడు. ఏ అక్షరం ఏ శబ్దమో వరుసగా చూపించే పట్టీ ఒకటి తయారు చేసి, ఇంటికొక ప్రతి చొప్పున పలకకు తగిలించాడు. గురువారం మధ్యాహ్నం రెండింటికి వీధి సంఘం గదిలో పాఠం, అందరూ రావాలి అని రాశాడు. ఆ ఒక్కసారికి అంచు వరుసలో ఎవర్నీ తిట్టలేదు. పలక వారానికి తిరిగొచ్చింది. పన్నెండు ముద్రలు. కిసాబురో కూర్చోవడానికి పన్నెండు దిండ్లు లెక్కపెట్టి పక్కన పెట్టుకున్నాడు.

"ఎందుకండీ అన్ని?" అంది సదాయే.

"పన్నెండిళ్ళవాళ్ళూ ముద్ర కొట్టారే. చూశావుగా."

"ముద్ర కొట్టారంటే వస్తారని కాదండీ. పలక ఇప్పుడు వాళ్ళింట్లో లేదని. వీధిలో యుద్ధం వచ్చిందని రాసినా ముద్ర కొట్టి పక్కింట్లో పడేస్తారు. మీరు మాత్రం, వేరే ఎవరైనా రాసినప్పుడు ఏనాడైనా చదివారా?"

చదవలేదు. కానీ ఆ సంగతి ఇప్పుడు ఒప్పుకోవడం ఎందుకని దిండ్లు మళ్ళీ లెక్కపెట్టాడు.

"అన్నట్టు, ఈసారి పలక తొరిగొయె గారింట్లో మూడు రోజులు ఆగిపోయిందట. ఆవిడకి చూపు గానీ మందగించిందేమోనని ఒయామదా గారు అంటున్నారు" అంది సదాయే, దిండ్ల దుమ్ము దులుపుతూ.

గురువారం రెండింటికి గదిలోకి వచ్చింది ఆ తొరిగొయె ఇసోనో ఒక్కతే. అరవై ఎనిమిదేళ్ళ మనిషి, బడిలో పిల్లలకు వండిపెట్టి రిటైరయింది. తొమ్మిదేళ్ళ కిందట భర్త పోయాడు. నొజావా ఆకు ఊరగాయ డబ్బా ఒకటి గుడ్డలో చుట్టి తెచ్చింది.

"నేనొక్కదాన్నేనా మాస్టారూ? పాపం, దిండ్లన్నీ మోసుకొచ్చారే" అంది.

మాస్టారూ అన్న పిలుపు కిసాబురో చెవిలో పడటం డెబ్భై ఒక్కేళ్ళలో అదే మొదలు. ఉబ్బితబ్బిబ్బయ్యాడు. అంతలో ఆవిడ మూట విప్పింది. తెల్ల గుడ్డ, నీలం దారంతో చుట్టూ కుట్టు. ఆ కుట్టులో తన అక్షరాలు, ఒక్క వంపు కూడా చెదరకుండా. చదివాడు. "ఒయామదా ఉపన్యాసం రెండు గంటలు. వానపాముకైనా మొదలూ చివరా ఉంటాయి."

"ఇదెక్కడిదండీ?" అన్నాడు.

"మీ డిజైన్లేనండీ. నాకు మొదట్నుంచీ భలే ఇష్టం. తిరగడం అయ్యాక మీరు పాత కాగితాల కట్టలో బయట పెట్టేస్తారు గదా, అవన్నీ ఏరి ఒక పెట్టెలో దాచుకుని, వాటిని చూసి వంటింటి గుడ్డలు కుడుతుంటాను. పోయిన శరదృతువులో వీధిలో అందరికీ తలా ఒకటి పంచాను. ఒయామదా గారైతే అచ్చం ఇలాంటిదే ఫ్రేము కట్టించి, చెప్పుల బీరువా పైన వేలాడదీసుకున్నారు. వచ్చినవాళ్ళందరికీ చూపిస్తారు. మీకు చెప్పలేదా?"

కిసాబురో తేలు కుట్టిన దొంగలా కూర్చున్నాడు. ఆ రోజు పాఠంలో మూడు అక్షరాలు మాత్రమే చెప్పాడు. చివర్లో, "ఆ పట్టీలో కొన్ని తప్పులు దొర్లాయండీ, తొరిగొయె గారూ. పై వారం సరైనది ఇస్తాను, అందాకా అది చూడకండి" అన్నాడు.

"అలాగే మాస్టారూ. మీరెలా అంటే అలా" అంది ఆవిడ, టీ పోస్తూ.

ఇంటికి వస్తూ కొండవాలు మధ్యలో ఆగిపోయాడు. ఒయామదా సంగతి సరే. ఆవిడ గురించి రాసింది గుర్తొచ్చింది. ఆవిడ భర్త అంత్యక్రియలకు సాయపడిన అందరికీ కృతజ్ఞతలు అని రాసిన కాగితం అడుగున, "తొరిగొయె ఇల్లాలి కంట నీటిచుక్క లేదు. శవపేటిక ముందు కూర్చుని భోజనం పొట్లాలు లెక్కపెట్టుకుంటోంది" అని రాశాడు. మూడు వరుసల వెనక కూర్చుని, ఆవిడ పెదాలు ఆగకుండా కదలడం తన కళ్ళతో చూసి మరీ రాశాడు. ఆ కాగితం ఆవిడ పెట్టెలో ఉంది. పట్టీ కూడా ఆవిడ దగ్గరే ఉంది.

ఇంటికొచ్చి తిన్నగా వంటింట్లోకి వెళ్ళాడు. పెళ్ళయినప్పటినుంచీ ఆయన ఆ గడప దాటిన సందర్భాలు వేళ్ళ మీద లెక్కపెట్టొచ్చు. మేకుకు వేలాడుతున్న గుడ్డ మీద, "నేటి పులుసులో ఉప్పు లేదు. చెబితే రేపు ఉప్పే ఉంటుంది" అని నీలం దారంతో ఉంది.

"ఏం కావాలండీ?" అంది సదాయే, ఆ గుడ్డకే చేతులు తుడుచుకుంటూ.

"మంచినీళ్ళు."

"జబ్బు గానీ చేసిందా మీకు? అడిగితే నేను తేనా?"

వారం రోజులు కూర్చుని దొంగ పట్టీ తయారు చేశాడు కిసాబురో. క ఉన్నచోట మ, త ఉన్నచోట స, ఇలా అన్నింటినీ కలగాపులగం చేశాడు. దీని ప్రకారం చదివితే పాత కాగితాలు ఒక్కటీ అర్థం కావు. పెదవులు మూసుకున్న బొమ్మ కింద నాలుక వెనక్కి పోయే శబ్దం రాస్తుంటే పళ్ళ డాక్టరు గుర్తొచ్చి సిగ్గుపడ్డాడు. ఇన్నేళ్ళలో దొరకని మనిషి ఇప్పుడు చదువుతానని వస్తే, ఆ మనిషి చదవకుండా ఉండటానికి రేయింబవళ్ళు కష్టపడుతున్నాడు. ఆ సంగతి ఆయనకూ తెలుసు. తెలిసీ రాశాడు. మింగలేక కక్కలేక అన్నం కూడా సరిగా తినలేదు. పులుసు బాగోలేదేమోనని సదాయే అడిగితే బెదిరిపోయి, "బ్రహ్మాండంగా ఉంది" అన్నాడు.

రెండో గురువారం కూడా తొరిగొయె ఒక్కతే వచ్చింది. ఆయన కొత్త పట్టీ చేతికిచ్చాడు. ఆవిడ కళ్ళజోడు పెట్టుకుని, సంచీలోంచి మరో గుడ్డ తీసి ఒళ్ళో పరుచుకుని, పట్టీనీ గుడ్డనూ మార్చి మార్చి చాలాసేపు చూసింది.

"మాస్టారూ, నాదొక సందేహం. ఈ కొత్తదాని ప్రకారం చదివితే ఒక్క ముక్క అర్థం కావట్లేదు. పాతదాని ప్రకారం చదివితే అన్నీ అర్థమవుతున్నాయి. తప్పులున్నది దేంట్లో అంటారు?"

పలక ఆవిడ ఇంట్లో మూడు రోజులు ఎందుకు ఆగిందో అప్పటికి కిసాబురో బుర్రకెక్కింది.

"పెట్టెలో ఉన్నవన్నీ చదివేశానండీ. ఒయామదా గారి వానపాము దగ్గర మా ఇంట్లో నేనొక్కదాన్నే కూర్చుని పొట్ట పట్టుకుని నవ్వాను. మా ఆయన పోయాక అంత నవ్విందే లేదు. భయపడకండి, ఎవరికీ చెప్పను. చెబితే మీరు రాయడం మానేస్తారు" అంది ఆవిడ.

ఆయనకు ముఖం ఎక్కడ పెట్టుకోవాలో తెలియలేదు. నిజం చెప్పాలంటే ఆ సిగ్గు అడుగున, సిగ్గులేని సంతోషం కూడా ఉంది. చదివింది. మొత్తం చదివింది. ఒక్క వంకరైనా పొల్లుపోకుండా చదివింది.

"కానీ ఇది మాత్రం తప్పు రాశారు మాస్టారూ" అని ఒళ్ళో గుడ్డను ఆయన వైపు తిప్పింది. "దీని డిజైను అన్నిటికంటే నచ్చి, ఎవరికీ ఇవ్వకుండా నాకోసం ఉంచుకున్నాను. రోజూ దీంతోనే గిన్నెలు తుడుచుకుంటున్నాను, ఏడేళ్ళుగా."

అది ఏ గుడ్డో చూడకుండానే ఆయనకు తెలిసిపోయింది. రెండు చేతులూ చాప మీద ఆనించి నుదురు నేలకు తాకేదాకా వంగాడు. ఈసారి మర్యాద కోసం వంగలేదు.

"లేవండి, లేవండి. నేనేమీ తిట్టడానికి రాలేదు. ఏడవలేదన్నారు, అది నిజమే. నాకు ఏడుపు రాలేదు. పొట్లాలు లెక్కపెట్టానన్నారు, అది నిజం కాదు."

"పెదాలు కదులుతుంటే చూశానండీ. అందుకని..."

"మా ఆయనతో మాట్లాడుతున్నాను."

కిసాబురో తల ఎత్తలేకపోయాడు. నోరు ఎలా కదిలితే ఏ శబ్దమో ముప్పై ఏళ్ళు కూర్చుని బొమ్మలు దిద్దిన మనిషి తను. తొమ్మిదేళ్ళ కిందట ఎదురుగా ఒక మనిషి నోరు కదిలితే చదవలేకపోయాడు. చదివింది కూడా తన మనసులో ఉన్న వెటకారాన్నే.

"ఏమని?" అన్నాడు.

ఆవిడ నోటితో చెప్పలేదు. ఆయన కలం తీసుకుంది, పాత పట్టీ పక్కన పెట్టుకుంది, దొంగ పట్టీ వెనక వైపు ఖాళీగా ఉంటే అక్కడ రాయడం మొదలుపెట్టింది. సూదితో కుట్టే మనిషి కాబట్టి ఒక్కో వంపునూ నెమ్మదిగా, కుట్టు వేసినట్టే గీసింది. బయట ఎవరో యాపిల్ పళ్ళ బండి తోసుకుపోతున్నారు. ఆ ఒక్క వరుసకు పావుగంట పట్టింది. కాగితం ఆయన ముందుకు జరిపింది.

కిసాబురో కళ్ళజోడు సర్దుకున్నాడు. ఇంకొకరు తన అక్షరాల్లో రాసింది ఆయన చదవడం అదే మొదలు.

"ఇంటికి వెళ్ళగానే అన్నం వేడి చేస్తాను. వీళ్ళంతా వెళ్ళిపోనీ, కాస్త ఓపిక పట్టు."

రెండోసారి చదివాడు. మూడోసారి చదవబోతే అక్షరాలు అలుక్కుపోయాయి.

"తప్పులేమైనా ఉన్నాయా మాస్టారూ?" అంది ఆవిడ.

రెండు చోట్ల దీర్ఘం పడలేదు. ఊపిరి బిగబట్టే చోట పళ్ళ బొమ్మ తిరగబడింది.

"లేవండీ. అంతా సరిగ్గానే ఉంది" అన్నాడు కిసాబురో.